పన్నెండు శనివారాల జ్యామితి

ముందే చెబుతున్నాను. వచ్చే పరీక్షలో మార్కులు పెరగాలన్నది ఒక్కటే మీ కోరిక అయితే, బెంగళూరు మల్లేశ్వరంలో ఒక మేడ మీద జరిగే ఈ జ్యామితి తరగతికి పిల్లలను పంపకండి. మా మనవరాలిని పంపాను, 4,500 రూపాయలు కట్టాను, పన్నెండు శనివారాలు నేనూ వెనక బల్ల మీద కూర్చున్నాను. మార్కులు పెరగలేదు సరికదా, ఒకచోట రెండు తగ్గాయి. అయినా మొన్న వెళ్ళి తర్వాతి విడతకు కూడా డబ్బు కట్టి వచ్చాను. "మీకేమైంది మావయ్యా?" అని మా కోడలు అడిగింది. ఆమెకు నోటితో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది హిందూపురం. 1979లో బెంగళూరు వచ్చి జాలహళ్ళి హెచ్.ఎం.టి. కర్మాగారంలో పనిముట్లు తయారుచేసే టూల్ రూమ్‌లో చేరాను, అక్కడే తల నెరిసింది. మైక్రోమీటరు చేతిలో పట్టుకుని మిల్లీమీటరులో వందో వంతు కోసం కుర్రవాళ్ళతో కొట్లాడిన వాడిని. కొలిస్తే తేలని సంగతంటూ లోకంలో ఉండదని నమ్మిన వాడిని. ఈ మాట గుర్తుంచుకోండి, ఆ మేడ మీద నాకు జరిగిన పరాభవానికి మూలం ఇదే.

మనవరాలు తొమ్మిదో తరగతి. చతుర్భుజాల ధర్మాలన్నీ పుస్తకం మూసి గడగడా అప్పజెప్పగలదు. ఒకరోజు స్నానాల గది మరమ్మతులో మిగిలిపోయిన టైలు ఒకటి తీసుకుని "ఇదేమిటి?" అని అడిగాను. "స్క్వేర్" అంది. దాన్నే మూల మీద నిలబెట్టి మళ్ళీ అడిగాను. "డైమండ్" అంది. "తిప్పితే ఆకారం మారిపోతుందా అమ్మా?" అన్నాను. "ఆకారం మారదు తాతయ్యా, పేరు మారుతుంది" అంది, అంత చిన్న విషయం నాకు తెలియనందుకు జాలిపడుతున్నట్టు.

అంతకు ముందు ఏడాది వాళ్ళ నాన్న ఫోనులో చూసే పాఠాలకు చందా కట్టాడు. రంగురంగుల బొమ్మలు, సరైన జవాబుకు చప్పట్లు, నక్షత్రాలు. ఆ బొమ్మల్లో లంబకోణ త్రిభుజం ఎప్పుడూ ఒకే తీరుగా కూర్చుని ఉంటుంది, లంబకోణం ఎడమ మూలనే. నేను అదే త్రిభుజాన్ని కాగితం మీద వాలుగా, తలకిందులుగా గీసి ఇస్తే కర్ణం ఏదో చూపించలేకపోయింది. గురుకోణ త్రిభుజానికి లఘుకోణం ఉన్న మూల నుంచి ఉన్నతి గీయమంటే, అది త్రిభుజం బయట పడుతుందని ఒప్పుకోక లోపలే ఏదో గీత గీసి లంబమని రాసింది. నక్షత్రాలు మాత్రం నాలుగు వందల పైచిలుకు ఉన్నాయి.

ఈ తరగతి సంగతి పొద్దున నడకలో కలిసే మిత్రుడు చెప్పాడు. మల్లేశ్వరం పదిహేనో క్రాస్ దగ్గర ఒక పాత ఇంటి మేడ మీద, శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు. బోర్డు లేదు, కరపత్రం లేదు, అసలు తరగతికి పేరే లేదు. నడిపే టీచరు గారు ముప్పై ఏళ్ళు ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసినవారు. పుట్టిల్లు తెనాలి, మెట్టినిల్లు బెంగళూరు. తన పేరు రాయవద్దన్నారు, ఉన్న పిల్లలకే చాపలు చాలడం లేదట. ఎనిమిది నుంచి పదో తరగతి దాకా ఇరవై రెండు మంది. పాఠం ఇంగ్లీషులో, మందలింపు కన్నడంలో, మనవాళ్ళు నలుగురైదుగురికి ఎక్కనప్పుడు తెలుగులో. ఎర్ర గచ్చు నేల, ఒకటే ఫ్యాను. పెద్దవాళ్ళు ఉండకూడదన్నది అక్కడి నియమం. విద్యారణ్యపురం నుంచి రెండు బస్సులు మారి వచ్చిన ముసలివాడిని మళ్ళీ మెట్లు దిగమనలేక నన్ను ఉండనిచ్చారు, "మాట్లాడకూడదు అన్నయ్య గారూ" అన్న షరతు మీద. ఆ షరతు నాలుగో వారానికి తప్పాను.

మొదటి మూడు వారాలు పుస్తకం తెరవలేదు. ఒక్కొక్కరికి గుప్పెడు అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలు. మూడు పుల్లలు కలిపితే త్రిభుజం, ఎంత నొక్కినా కదలదు. నాలుగు కలిపితే చతురస్రం, వేలు తగిలితే పక్కకు వాలిపోతుంది. పిల్లలు నవ్వారు. టీచరు గారు నవ్వకుండా, "ఇప్పుడు ఏది మారింది, ఏది మారలేదు, రాయండి" అన్నారు. భుజాల పొడవు మారలేదు. కోణాలు మారాయి. ఎదురెదురు భుజాలు ఇంకా సమాంతరంగానే ఉన్నాయి. కర్ణాల్లో, అంటే ఎదురు మూలలను కలిపే గీతల్లో, ఒకటి సాగింది, ఒకటి కుంగింది. మా మనవరాలు రెండు కర్ణాలకూ రబ్బరు దారం కట్టి, ఎంత వాల్చినా ఆ దారాలు ఒకదానినొకటి లంబంగానే కోసుకుంటున్నాయని చూపించింది. నాకు తెలిసి ఆ పిల్ల జ్యామితిలో తనంతట తాను చూసిన మొదటి సంగతి అదే.

"వాలిన దాని పేరు రాంబస్. మరి వాలక ముందు ఉన్నది రాంబస్ అవునా కాదా?" అని అడిగారు టీచరు గారు. అరగంట గొడవ. కాదన్నవాళ్ళే ఎక్కువ. పదో తరగతి కుర్రవాడు ఒకడు లేచి, "చతురస్రం కూడా రాంబసే అయితే దానికి వేరే పేరెందుకు?" అన్నాడు. "నువ్వు మనిషివే కదా, నీకు వేరే పేరెందుకు?" అన్నారావిడ. కుర్రవాడు కూర్చున్నాడు.

ఇక్కడ తెలుగువాళ్ళ కోసం ఒక మాట. ఆ సాయంత్రం టీచరు గారు మా పిల్లలను పక్కకు పిలిచి చెప్పింది నాకు బాగా నచ్చింది. దీర్ఘచతురస్రానికి ఇంగ్లీషులో ఉన్న పేరు లంబకోణాల సంగతి చెబుతుంది. మన పేరేమో పొడవు సంగతి చెబుతుంది. "దీర్ఘ" అని ముందే అన్నాక, చతురస్రం కూడా ఒక రకం దీర్ఘచతురస్రమే అంటే ఏ పిల్లవాడు ఒప్పుకుంటాడు? మాటే అడ్డం పడుతుంది. దానికి భిన్నంగా, సమద్విబాహు త్రిభుజం అన్న పేరులో నిర్వచనం మొత్తం ఉంది: సమానమైన రెండు బాహువులు. ఆ సుఖం ఇంగ్లీషులో చదివే పిల్లలకు లేదు, వాళ్ళు ఐసోసెలెస్ అన్న పేరును ఊరికే మింగాలి. మనవరాలికి ఈ తెలుగు పేర్లేవీ తెలియవు. ఆ రాత్రి ఆమెకు పది పేర్లు విడగొట్టి చెప్పాను. సమలంబ చతుర్భుజం దగ్గర నాకే తట్టుకుంది, అక్కడ సమంగా ఉన్న లంబాలేమిటో వెంటనే చెప్పలేకపోయాను.

టీచరు గారు పాఠం ఇలా నడపడానికి ఒక కారణం ఉంది. నెదర్లాండ్స్‌లో వాన్ హీలే దంపతులని ఇద్దరు ఉండేవారట, పియరీ, దీనా. ఇద్దరూ బడిలో లెక్కలు చెప్పినవాళ్ళే. 1957లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి ఇచ్చిన సిద్ధాంత వ్యాసాల్లో, పిల్లలకు జ్యామితి అయిదు స్థాయిల్లో పట్టుబడుతుందని రాశారు. మొదటి స్థాయిలో పిల్లవాడు ఆకారాన్ని మొత్తంగా చూసి గుర్తుపడతాడు, తలుపులా ఉంది కాబట్టి దీర్ఘచతురస్రం అంటాడు. రెండో స్థాయిలో ధర్మాలు చెప్పగలడు, కానీ విడివిడిగా, సంతకు వెళ్ళేవాడి చీటీలా. మూడో స్థాయిలో ఒక ధర్మం నుంచి ఇంకో ధర్మం ఎలా వస్తుందో కనిపిస్తుంది, చతురస్రం రాంబస్ కూడా అన్నది అక్కడ గానీ మింగుడు పడదు. నాలుగోది నిరూపణ. అయిదోది వేరువేరు జ్యామితులను పక్కపక్కన పెట్టి చూడగలగడం. మెట్టు దాటి మెట్టు ఎక్కడం కుదరదు, వయసు పెరిగినంత మాత్రాన పై మెట్టు రాదు. తొమ్మిదో తరగతి పుస్తకం నాలుగో స్థాయిలో మాట్లాడుతుంది. వినే పిల్ల మొదటి దానికీ రెండో దానికీ మధ్య ఊగుతుంటుంది. అప్పుడు పిల్లకు మిగిలిన దారి బట్టీ ఒక్కటే. దీనా గారు ఆ పని పూర్తి చేసిన కొద్దికాలానికే చనిపోయారట. ఈ మాట చెబుతూ టీచరు గారు కాసేపు ఆగారు.

మా మనవరాలి డైమండు నాకు అప్పుడు అర్థమైంది. ధర్మాల చీటీ రెండో స్థాయిలో పట్టుకుని, కళ్ళు మాత్రం మొదటి స్థాయిలో ఉన్న పిల్ల.

ఇక నా సంగతి. నాలుగో వారం ప్రతి ఒక్కరూ తమకు ఇష్టమైన త్రిభుజం గీసి, మూడు కోణాలూ కోణమానినితో కొలిచి మొత్తం చెప్పాలి. 179, 181, 180, మళ్ళీ 180, ఒకరికి 184. టీచరు గారు అన్నీ నల్లబల్ల మీద రాసి, "ఇంతకీ ఎంత?" అన్నారు. నోరు ఊరుకోలేదు. "180 అమ్మా. తక్కినది పనిముట్టు లోపం" అన్నాను వెనక నుంచి. ఆవిడ నా వైపు తిరిగి, "లోపం లేని పనిముట్టుతో కొలిస్తే 180 వస్తుందని మీకెలా తెలుసు అన్నయ్య గారూ? అలాంటిది ఎప్పుడైనా వాడారా?" అన్నారు. నేను జీవితమంతా చెప్పుకున్న మాటే: ప్రతి పనిముట్టుకూ ఒక తేడా ఉంటుందని. "పోనీ, సరిగ్గా వచ్చిందనుకుందాం. ఇరవై రెండు త్రిభుజాలు కొలిచాం. ఇరవై మూడోది?" అన్నారు. పిల్లలందరూ నా వైపు తిరిగి చూస్తున్నారు. మనవరాలు తల దించుకుంది.

తిరుగు బస్సులో నేను మాట్లాడలేదు. కొలతను పట్టుకుని ముప్పై ఏళ్ళు పైగా అన్నం తిన్నవాడికి కొలత చాలదంటే కోపం రాదా?

మరుసటి శనివారం నిరూపణ జరిగింది. త్రిభుజం శిఖరం గుండా అడుగు భుజానికి సమాంతరంగా ఒక గీత గీశారు. ఏకాంతర కోణాలు సమానం కాబట్టి అడుగున ఉన్న రెండు కోణాలూ పైకి వచ్చి శిఖర కోణానికి ఇటూ అటూ కూర్చున్నాయి. మూడూ కలిసి ఒక సరళరేఖ. మా రోజుల్లో ఇదే దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి అని నాలుగు శీర్షికల కింద రాసేవాళ్ళం. శీర్షికలు గుర్తున్నాయి, ఆ గీత ఎందుకు గీయాలో ఎవరూ చెప్పిన గుర్తు లేదు. టీచరు గారు అక్కడితో ఆగలేదు. "ఏకాంతర కోణాలు సమానమని ఎవరు చెప్పారు?" అని ఒక్కొక్క మెట్టే కిందికి దింపి, యూక్లిడ్ ఐదో స్వీకృతం దగ్గర, అంటే సమాంతర రేఖల గురించి నిరూపణ లేకుండా ఒప్పుకునే మాట దగ్గర, నిలబెట్టారు. ఆ స్వీకృతం మా పిల్ల పుస్తకంలోనూ ఉంది. బడిలో ఆ పాఠం ఒక్క పీరియడులో అయిపోయిందట. తర్వాత ఆవిడ ఒక రబ్బరు బంతి తీసి, దాని మీద స్కెచ్ పెన్నుతో మూడు లంబకోణాలున్న త్రిభుజం గీసి చూపించారు. మొత్తం 270. మేడ మీద ఎవరూ కదలలేదు. చదునైన కాగితం మీద 180 కావడానికి ఆ స్వీకృతం ఎంత పని చేస్తోందో, అది లేని చోటు చూశాకే తెలిసింది. ఒప్పుకుంటున్నాను, ఈ గంట కోసమే 4,500 కట్టమన్నా కట్టేవాడిని.

రెండు భుజాలు, వాటి మధ్య లేని కోణం సమానమైతే త్రిభుజాలు సర్వసమానం ఎందుకు కావో చూపించిన తీరు కూడా బాగుంది. 30 డిగ్రీల కోణం, పక్కన 8 సెంటీమీటర్ల భుజం, దాని కొసన 5 సెంటీమీటర్ల పుల్ల వేలాడదీసి ఊపారు. పుల్ల అడుగు గీతను రెండు చోట్ల తాకింది, రెండు త్రిభుజాలు. 4 సెంటీమీటర్ల పుల్ల ఒక్క చోటే తాకింది. 3 సెంటీమీటర్లది అందనే లేదు. పుస్తకంలో ఇది ఒక హెచ్చరిక వాక్యం. ఇక్కడ గుడి గంట నాలుకలా ఊగింది.

వైశాల్యం, చుట్టుకొలతల గందరగోళానికి బెంగళూరు ఇళ్ళ సైట్లు పనికొచ్చాయి. ఈ ఊళ్ళో ముప్పై బై నలభై అంటే పాలు తాగే పిల్లలకూ తెలుసు. చుట్టూ గోడ 140 అడుగులు, లోపల 1,200 చదరపు అడుగులు. ఇరవై బై యాభైకి కూడా గోడ 140 అడుగులే, స్థలం మాత్రం 1,000. "గోడ ఒకటే అయితే స్థలం కూడా ఒకటే" అని చేతులెత్తిన పదమూడు మంది ఇంటికి వెళ్ళి నాన్నలతో వాదించి ఉంటారు. దోసె లెక్క మరీ సరదా. 20 సెంటీమీటర్ల అడ్డకొలత దోసెకు ఒక గరిటె పిండి అయితే 40 సెంటీమీటర్ల దోసెకు? రెండు అన్నారు అందరూ. పెనం ముందు నిలబడ్డవాళ్ళు ఎవరైనా నాలుగు అంటారు. ఆ లెక్క చెప్పాక మా ఆవిడ కూడా తరగతికి వస్తానంది.

ఎనిమిదో వారం నుంచి కంప్యూటర్. జ్యామితి బొమ్మలు గీసి కదిలించే జియోజీబ్రా అనే సాఫ్ట్‌వేర్, ఆస్ట్రియాలో మార్కుస్ హోహెన్‌వార్టర్ 2001లో సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ మొదలుపెట్టినది. చదువు కోసం ఉచితంగా వాడుకోవచ్చు, ఫోనులో కూడా పనిచేస్తుంది. టీచరు గారి ల్యాప్‌టాప్ ముసలిది, తెర మీద ఒక నిలువు గీత శాశ్వతంగా ఉంటుంది, దాన్ని కూడా రేఖ అనుకుని లెక్కపెట్టాడొకడు. ఆవిడ పరీక్ష ఏమిటంటే: నీకు నచ్చినట్టు చతురస్రం చెయ్యి, తర్వాత నేను ఒక మూల పట్టుకుని లాగుతాను. కంటి అంచనాతో నాలుగు చుక్కలు పెట్టినవాళ్ళవి లాగగానే చెల్లాచెదురు. లంబరేఖలు, వృత్తాలతో కట్టినవాళ్ళవి పెరిగాయి, తిరిగాయి, చతురస్రాలుగానే నిలిచాయి. మనవరాలిది మొదటి రెండుసార్లు చెదిరింది. మూడోసారి నిలిచినప్పుడు మూల మీద తిప్పి నిలబెట్టి నా వైపు చూసింది. "డైమండ్" అన్నాను. నవ్వింది.

ఆ వారమే ఇంట్లో ఇంకొకటి జరిగింది. ఏదో ఒక చతుర్భుజం, పద్ధతీ పాడూ లేనిది, గీసి, నాలుగు భుజాల మధ్యబిందువులూ కలపమని ఇంటిపని. లోపల సమాంతర చతుర్భుజం వచ్చింది. మూల లాగితే బయటిది వంకర్లు పోతోంది, లోపలిది మాత్రం సమాంతర చతుర్భుజంగానే ఉంటోంది. నేను మూర్ఛపోయినంత పని చేశాను. "లాగి చూశావు కదా, ఇంక నిజమే" అన్నాను, బుద్ధి రాక. "ఎందుకు నిజం తాతయ్యా?" అంది. రెండు రోజులు గోక్కుని, మూడో రోజు పళ్ళు తోముకుంటూ వచ్చి, "కర్ణం గీయాలి!" అంది. బయటి చతుర్భుజానికి ఒక కర్ణం గీస్తే రెండు త్రిభుజాలు. మధ్యబిందు సిద్ధాంతం ప్రకారం లోపలి రెండు ఎదురు భుజాలూ ఆ కర్ణానికి సమాంతరం, దానిలో సగం. అంటే ఆ రెండూ ఒకదానికొకటి సమాంతరం, సమానం. అయిపోయింది. ఇది ఫ్రాన్సు దేశపు గణితవేత్త వారిన్యాన్ పేరు మీద ఉందని, ఆయన పోయాక 1731లో అచ్చయిందని తర్వాత టీచరు గారు చెప్పారు. మధ్యబిందు సిద్ధాంతం ఆ పిల్ల అంతకు ముందే పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంది. పనిలో పెట్టింది మాత్రం ఇదే మొదటిసారి.

అది చూశాక నాకు మా టూల్ రూమ్ గుర్తొచ్చింది. పదో వారం టీచరు గారిని అడిగి, పిల్లలకు అయిదు నిమిషాలు నేను చెప్పాను. సర్ఫేస్ ప్లేటు అని ఒకటి ఉంటుంది, పోత ఇనుప పలక, దాని చదునును నమ్మి తక్కినవన్నీ కొలుస్తాం. మరి ఆ పలకే చదునుగా ఉందని ఎలా తెలియాలి? దానికంటే చదునైనది ఇంకోటి లేదే. ఒక పలకకు నీలిరంగు పూసి ఇంకో పలకను దాని మీద రుద్దుతాం, రంగు అంటిన ఎత్తులు స్క్రేపరుతో గీకేస్తాం. కొన్నాళ్ళకు రెండూ అతుక్కుపోయేంత కలుస్తాయి. అయినా నమ్మకూడదు. ఒకటి కొద్దిగా ఉబ్బి, ఇంకోటి అంతే పల్లమై ఉండవచ్చు, గరిటెలో గరిటె కూర్చున్నట్టు. అందుకని మూడో పలక తెస్తాం. మొదటిది ఉబ్బుగా ఉంటే, దానితో కలిసిన రెండోదీ మూడోదీ రెండూ పల్లంగా ఉండాలి. అప్పుడు ఆ రెండింటినీ కలిపితే అంచులే తాకుతాయి, నడుమ రంగు అంటదు, దొంగ దొరికిపోతాడు. మూడూ ఏ జతగా చూసినా కలిశాయంటే, అడ్డంగా తిప్పి చూసినా కలిశాయంటే, చదునుగా ఉండడం తప్ప వాటికి వేరే గతి లేదు. ఇంగ్లండ్ ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ 1840లో గ్లాస్గోలో జరిగిన శాస్త్రజ్ఞుల సభలో ఈ పద్ధతి వివరించాడు. మరచుట్ల మీద ఆయన పేరు చూసి ఎరుగుదుం.

చెప్పి కూర్చోబోతుంటే టీచరు గారు, "ఇందులో స్కేలు ఎక్కడ వాడారు అన్నయ్య గారూ?" అన్నారు. వాడలేదు. "కొలవకుండా చదునని ఎలా చెప్పారు?" నేను నోరు తెరిచి మూశాను. "చదును కాదనుకుంటే చిక్కు వస్తుంది కాబట్టి" అంది మనవరాలు మూడో వరస నుంచి. 23 ఏళ్ళ వయసులో మా ఫోర్‌మన్ చేతుల్లో తిట్లు తింటూ నేర్చుకున్న పనికి నిరూపణ అన్న పేరుందని నాకు 68 ఏళ్ళకు తెలిసింది.

ఇక లోపాలు. ఆరు గంటలకు వదలరు, ఆరున్నర అవుతుంది, ఆ వేళ మల్లేశ్వరంలో బస్సు ఎక్కడమంటే సాహసమే. మెట్లు నిటారుగా ఉన్నాయి, చేతికమ్మి లేదు. ఇరవై రెండు మందికి ఒక్కరే టీచరు కావడంతో గట్టిగా అడిగేవాళ్ళకే సమాధానాలు, మూలన కూర్చునే ఇద్దరు ఆడపిల్లలు పన్నెండు వారాల్లో నోరు విప్పింది నేను చూడలేదు. మానేసిన రోజుకు డబ్బు వెనక్కి ఇవ్వరు. పన్నెండు వారాలూ త్రిభుజాలు, చతుర్భుజాలతోనే సరి, వృత్తాల ధర్మాల జోలికే పోలేదు. నమూనా ప్రశ్నపత్రాలు లేవు. ఒక తండ్రి ఆరో వారం వచ్చి, ఇప్పటికి పుస్తకంలో ఎన్ని అధ్యాయాలు అయ్యాయని అడిగి, సమాధానం విని కొడుకును తీసుకుపోయాడు. ఆయనను తప్పుపట్టను, పిల్లవాడిది పదో తరగతి.

అక్కడ పిల్లలకు ఇచ్చే వృత్తలేఖిని మరీ అన్యాయం. ఏ కంపెనీదో చెప్పను. కీలు వదులు, పెన్సిలు బిగించే మర జారుతుంది, గీసిన వృత్తం మొదలైన చోటికి వచ్చి కలవదు. అలాంటి దానితో లంబ సమద్విఖండన రేఖ గీయమంటే పిల్ల జ్యామితినే అనుమానిస్తుంది. నా పాత స్ప్రింగు వృత్తలేఖిని మనవరాలికి ఇచ్చేశాను. తక్కినవాళ్ళ కీళ్ళు ఒక శనివారం స్క్రూడ్రైవరు తెచ్చి బిగించాను. మీ పిల్లలకు జామెట్రీ పెట్టె కొనేటప్పుడు దుకాణంలోనే ఒక వృత్తం గీయించి చూడండి.

బడి సంగతి. అర్ధసంవత్సర పరీక్షలో సమద్విబాహు త్రిభుజంలో సమాన భుజాలకు ఎదురుగా ఉన్న కోణాలు సమానమని నిరూపించమన్నారు. పుస్తకంలో శిఖర కోణానికి సమద్విఖండన రేఖ గీస్తారు. మా పిల్ల ఏ గీతా గీయకుండా, త్రిభుజాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి తనతోనే తనను పోల్చింది: ఎబి, ఎసి భుజాలు సమానం, తిరగేస్తే ఎసి, ఎబి సమానం, మధ్య కోణం అదే. తప్పు లేదు. మూడుకు ఒక మార్కు వచ్చింది, పక్కన "నిర్మాణం లేదు" అని ఎర్ర సిరా. మా కోడలు బడికి వెళతానంది. మనవరాలు వద్దంది. "నాది సరైనదే కదా తాతయ్యా, ఇంక గొడవెందుకు?" అని పుస్తకం మూసేసింది. టీచరు గారికి చూపిస్తే, "పరీక్షలో పుస్తకం దారిలో రాయి, మార్జిన్‌లో నీ దారి రాయి" అన్నారు. నాకు ఆ సలహా నచ్చలేదు. అయినా అది ఆవిడ అనుభవం.

కాబట్టి ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలయితే పంపండి. పదో తరగతి వాళ్ళను, వాళ్ళకై వాళ్ళు అడిగితే తప్ప, పంపకండి. తొందరపడే తల్లిదండ్రులు దూరంగా ఉండటం అందరికీ మంచిది.

వృత్తాల విడత వచ్చే నెల మొదలు. రుసుము 5,000 చేశారు. మొన్న కట్టడానికి వెళితే టీచరు గారు రసీదు రాసి ఇచ్చారు. బస్సు ఎక్కాక తీసి చూస్తే రెండు పేర్లు ఉన్నాయి, ఒకటి మనవరాలిది, దాని కింద నాది, పక్కన "సగం రుసుము, మాట్లాడవచ్చు" అని.